ముందు నీళ్ళ లెక్క, తర్వాతే ఎకరాలు: చిత్తూరు, తిరుపతి సేద్యంలో నష్టం తగ్గించుకునే దారి

మన వైపు పంట నిర్ణయం చాలాసార్లు ఈ వరుసలో జరుగుతుంది. మండీలో రేటు బాగుందని వినబడుతుంది. పంట ఖాయమవుతుంది. దానికి అప్పు పుడుతుంది. నడి ఎండల్లో నీళ్ళు చాలక ఇంకో బోరు వేస్తారు. ఈ వరుసలో నీళ్ళ సంగతి చివరికి వస్తుంది. కింద రాయి, పైన పలచటి ఎర్రమన్ను ఉన్న నేలలో అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు ఇదే. వరుసను తిరగేయండి. బోరులో ఎన్ని నీళ్ళో కొలవండి, దాన్ని బట్టి ఎన్ని ఎకరాలో తేల్చండి, దాన్ని బట్టి ఎంత అప్పో, ఆ మూడింటికీ సరిపడే పంట ఏదో చివరగా చూడండి.

బోరు కొలవడం

కొలత మే నెలలో తీసుకోవాలి. అక్టోబరులో, చెరువులు నిండినప్పుడు తీసుకున్న కొలతతో వేసవి టమోటా వేస్తే ఏప్రిల్లో మోటారు గాలి కొడుతుంది.

మోటారు వేసి గంటసేపు వదిలేయండి. తర్వాత 200 లీటర్ల డ్రమ్ము పైపు కింద పెట్టి, నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోనులో చూడండి. 160 సెకన్లు పడితే సెకనుకు 1.25 లీటర్లు, అంటే గంటకు 4,500 లీటర్లు. అయిదో గంట చివర మళ్ళీ కొలవండి. రెండో కొలత తగ్గితే అదే అసలు లెక్క. మొదట్లో వచ్చేది బోరు గొట్టంలో నిలిచిన నీళ్ళు, ఆనక వచ్చేది రాతి పగుళ్ళలోంచి ఊరే నీళ్ళు. మన పంటని బతికించేది ఊటే.

ఇప్పుడు ఎకరాల్లోకి మార్చుకుందాం. ఎకరా మీద 1 మిల్లీమీటరు నీళ్ళంటే సుమారు 4,000 లీటర్లు. వేసవిలో కాయ మీదున్న టమోటాకి డ్రిప్పు కింద రోజుకి 5 మిల్లీమీటర్ల దాకా కావాలి, అంటే 20,000 లీటర్లు. పై బోరు రోజుకి 7 గంటలు నడిస్తే 31,500 లీటర్లు ఇస్తుంది. కాగితం మీద ఎకరాన్నర వస్తుంది. కరెంటు పోయే రోజులు, ఇంటి వాడకం, పశువుల తొట్టి, పచ్చిమేత మడి అన్నీ ఇందులోంచే పోవాలి కాబట్టి నాలుగో వంతు తీసి పక్కన పెట్టండి. మిగిలేది ఎకరా పైన కొంచెం. వేయాల్సింది ఆ ఎకరానే. "వానొస్తే రెండో ఎకరానికీ సరిపోతుంది" అనేది కొలత కాదు, ఆశ.

డ్రిప్పు వేసినా నీళ్ళు మిగలడం లేదంటే సాధారణంగా మూడు చోట్ల చూడాలి. మొదటిది ఫిల్టరు. వారానికోసారి విప్పి కడక్కపోతే చివరి సాళ్ళకు నీరందదు, దానికోసం మొత్తం తోటకి గంట ఎక్కువ వదులుతారు. రెండోది ఉప్పు నీళ్ళు. చాలా బోర్ల నీళ్ళలో సున్నం ఎక్కువ, అది డ్రిప్పర్ల నోట్లో తెల్లగా పేరుకుంటుంది. మూడోది సాళ్ళ వెంట పోయే సన్న గొట్టం (లాటరల్) చివర మూసే ఉండటం. పదిహేను రోజులకోసారి చివర విప్పి బురద పోనివ్వాలి.

కొత్త బోరు గురించి రెండు మాటలు. గ్రానైటులో నీళ్ళు పైన మెత్తబడిన రాతి పొరలోనూ, దాని కింది పగుళ్ళలోనూ ఉంటాయి. లోతుకు పోయేకొద్దీ పగుళ్ళు తగ్గుతాయి, అడుగు రేటు మాత్రం పెరుగుతుంది. అందుకే బండి రాకముందే "ఇన్ని అడుగుల దగ్గర ఆపేస్తాం" అని ఒక అంకె కాగితం మీద రాసి ఇంట్లోవాళ్ళకి ఇవ్వండి. "ఇంకో వంద అడుగులు పోదాం" అనే మాట బోరు దగ్గర నిలబడినప్పుడు ఎవరికైనా సబబుగానే వినిపిస్తుంది. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం బోరుకి అనుమతి తీసుకోవాలి. అనుమతి లేని బోరుకి కరెంటు కనెక్షను దగ్గర చిక్కు వస్తుంది.

ఉన్న బోరుకి నీళ్ళు తిరిగి పట్టించడం కొత్త బోరు కన్నా ఎన్నో రెట్లు చౌక. కేసింగు చుట్టూ 2 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు గుంట తవ్వాలి. గుంటలో కనిపించే కేసింగుకి సన్నని రంధ్రాలు పెట్టి, నైలాను జల్లెడ గుడ్డ రెండు చుట్లు చుట్టి కట్టాలి. అడుగున పెద్ద రాళ్ళు, మధ్యలో కంకర, పైన ఇసుక పోయాలి. వాన నీళ్ళు గుంటలోకి వచ్చే ముందు ఇంకో చిన్న బురద గుంటలో నిలిచి రావాలి. చాలామంది దీన్ని వదిలేస్తారు, రెండేళ్ళకి ఇసుక మీద ఒండ్రు పేరుకుని గుంట పనికిరాకుండా పోతుంది. ఏటా వానలకి ముందు పై ఇసుక మూడు నాలుగు అంగుళాలు తీసి కొత్తది పోయాలి. పురుగుమందు కొట్టిన మడి నుంచీ, పేడ దిబ్బ నుంచీ వచ్చే నీటిని మాత్రం అటు తిప్పకండి. అది నేరుగా తాగే నీళ్ళలో కలుస్తుంది.

మెట్టకి నీటి కుంట

బోరు లేని శెనక్కాయ చేనుకి కుంట చాలు. పైన 10 మీటర్లు × 10 మీటర్లు, లోతు 2.5 మీటర్లు, గట్లు ఒకటికి ఒకటి వాలుతో తవ్వితే అడుగు 5 × 5 మీటర్లు వస్తుంది. పట్టే నీరు సుమారు 146 ఘనపు మీటర్లు, అంటే లక్షా నలభై ఆరు వేల లీటర్లు. రెండున్నర ఎకరాల వాలు నేల మీద 25 మిల్లీమీటర్ల వాన పడి, అందులో ఏడో వంతు పారినా దాదాపు 36 ఘనపు మీటర్లు కుంటకి చేరుతుంది. నాలుగు గట్టి వానలకి నిండుతుంది.

ఎర్ర నేలలో అసలు సమస్య నింపడం కాదు, నిలపడం. పూత లేని కుంటలో నీళ్ళు వారం పది రోజుల్లో ఇంకిపోతాయి. అది భూగర్భానికి మంచిదే గానీ, ఊడలు (కాయ కట్టడానికి పూల నుంచి నేలలోకి దిగే కాడలు) దిగేటప్పుడు ఎండకట్టు వస్తే చేనుకి పనికిరాదు. నీళ్ళు నిలవాలంటే జల్లించిన మట్టిలో సిమెంటు కలిపిన పూత గానీ, 500 మైక్రాన్ల షీటు గానీ వేయాలి. షీటు కింద రాళ్ళూ వేర్లూ ఏరకపోతే మొదటి ఏడాదే చిరుగుతుంది. ఆవిరికీ ఇంకడానికీ మూడో వంతు పోయిందనుకున్నా, స్ప్రింక్లర్లతో 10 మిల్లీమీటర్ల తడి రెండు ఎకరాలకు పైగా ఒకసారి ఇవ్వొచ్చు. ఊడలు దిగేటప్పుడూ కాయ ఊరేటప్పుడూ ఆ ఒక్క తడి విలువ కురవని వానంత. కుంట చుట్టూ కంచె తప్పనిసరి. షీటు మీద కాలు జారిన పిల్లలు, మేకలు పైకి ఎక్కలేరు.

టమోటా: రెండు ధరలు తెలియాలి

నీళ్ళ లెక్క కుదిరాక డబ్బు లెక్క. ప్రతి పంటకీ రెండు ధరలు ముందే రాసిపెట్టుకోవాలి. ఒకటి అసలు గిట్టే ధర. రెండోది కోతకి దిగాలా వద్దా అని చెప్పే ధర. రెండూ ఒకటే అనుకోవడం వల్లే కొందరు తెంపాల్సిన కాయను వదిలేస్తారు, ఇంకొందరు వదలాల్సిన కాయను తెంపి ఇంకా నష్టపోతారు.

లెక్క తెలియడానికి గుండ్రటి అంకెలు తీసుకుందాం, మీ అంకెలు మీరు వేసుకోండి. మొదటి కోత దాకా ఎకరాకి 1,20,000 రూపాయలు పోయాయి: నారు, దుక్కి, దిబ్బ ఎరువు, మల్చింగు షీటు, కట్టెలు, దారం, మందులు, కూలి. దిగుబడి 15 టన్నులు అనుకోండి. మంచి ఏడాది వచ్చిన దిగుబడి కాదు, గడిచిన నాలుగు పంటల సగటు వేయండి. అప్పుడు కిలోకి 8 రూపాయలు అయినట్టు. కోత కూలి, క్రేటు, ఎత్తుడు, బండి బాడుగ కలిసి కిలోకి 3 రూపాయలు. మండీలో కమీషనూ ఇతర తీసివేతలూ నూటికి 10 అనుకుందాం.

అమ్మిన ధరలో నూటికి 90 చేతికి వస్తుంది. అందులోంచి 3 తీస్తే 8 మిగలాలి. అంటే కిలో 12 రూపాయల 22 పైసలు పలికితే పెట్టుబడి వెనక్కి వస్తుంది. ఇది గిట్టే ధర. కోత ధర వేరు. 90 పైసల లెక్కన 3 రూపాయలు రావాలంటే ధర 3 రూపాయల 33 పైసలు ఉండాలి. రేటు ఈ రెండింటి మధ్య ఉంటే తెంపండి, ప్రతి కిలో నష్టాన్ని తగ్గిస్తుంది. 3.33 కన్నా కిందికి పోతే మాత్రం ప్రతి క్రేటూ కొత్త నష్టమే. అప్పుడు గొర్రెలని తోలడమో, కలిపి దున్నడమో మేలు. చెట్ల మీద కుళ్ళబెట్టడం మాత్రం వద్దు. అది ఊరందరికీ పురుగు కేంద్రమవుతుంది.

ఇంకో ప్రశ్న మిగిలింది. సగటు ధర 6 రూపాయలే వచ్చిందనుకోండి. కిలోకి చేతికి మిగిలేది 2.40, పదిహేను టన్నులకి 36,000. ఎకరాకి నష్టం 84,000. ఈ మొత్తం పోయినా ఆవును అమ్మకుండా, నగ కుదువ పెట్టకుండా ఇల్లు గడుస్తుందా? గడవదంటే అర ఎకరా వేయండి. నీళ్ళు ఎకరాకి ఉన్నా సరే. నీళ్ళ లెక్క ఒక హద్దు, ఇది రెండో హద్దు. రెండింటిలో చిన్నదే మీ విస్తీర్ణం.

2023 జూలై చివర మదనపల్లె మార్కెట్లో మొదటి రకం టమోటా కిలో 150 రూపాయలు దాటింది. అది చూసి నారు కొన్న వాళ్ళ పంట కోతకి వచ్చేసరికి రేటు నేల మీదికి దిగింది. నాటాక మొదటి కోతకి 65 నుంచి 75 రోజులు పడుతుంది కాబట్టి ఇవాళ్టి రేటు మీకు దొరకదు. ఇవాళ్టి రేటు కన్నా నర్సరీలో బుకింగుల వరుస ఎక్కువ చెబుతుంది. మామూలుగా వారంలో దొరికే నారుకి నెల రోజుల తర్వాత రమ్మంటున్నారంటే, రెండు మూడు నెలల తర్వాత మండీ నిండబోతోందని అర్థం. ఇద్దరు ముగ్గురు నర్సరీల వాళ్ళని అడగండి.

ధర దెబ్బ తప్పించుకోవడానికి ఒకేసారి ఎకరా కాకుండా అర ఎకరా ఇప్పుడు, అర ఎకరా 25–30 రోజుల తర్వాత నాటమంటారు. మంచి సలహాయే, కానీ ఒక మెలిక ఉంది. ముదురు తోటలోని తెల్లదోమ, ఆకునీ కాయనీ తొలిచే టూటా పురుగు లేత తోటకి నేరుగా దిగుతాయి. అందుకే రెండో విడతను గాలి వచ్చే వైపు నాటాలి. మధ్యలో నాలుగు సాళ్ళ జొన్నో మొక్కజొన్నో ముందే పెంచి ఉంచాలి. మొదటి తోట కోత అయిన వారంలోపు పీకి పారేయాలి. ఇవి చేయలేకపోతే రెండో విడత టమోటా వద్దు, చిక్కుడో బీరో వేయండి.

మందుల ఖర్చు

టమోటాలో డబ్బూ, ఒళ్ళూ, నేలా మూడూ పాడయ్యేది ఇక్కడే. అంగడిలో మూడు సీసాలు ఇస్తే మూడు మందులని అనుకోకండి. సీసా మీద పెద్దగా ఉండే పేరు వదిలి చిన్న అక్షరాల్లోని సాంకేతిక నామం చదవండి. ఇమిడాక్లోప్రిడ్, థయామెథోక్సామ్, ఎసిటామిప్రిడ్ మూడూ ఒకే కుటుంబం. క్లోరాంట్రానిలిప్రోల్, ఫ్లూబెండియమైడ్, సయాంట్రానిలిప్రోల్ ఇంకో కుటుంబం. పేర్లు మార్చి ఒకే కుటుంబాన్ని వరుసగా కొడితే పురుగు తట్టుకోవడం నేర్చుకుంటుంది. "మందు పనిచేయలేదు" అని మోతాదు పెంచడం అక్కడ మొదలవుతుంది. ఒక కుటుంబం మందు కొట్టాక తర్వాతి పిచికారీకి వేరే కుటుంబం తీసుకోవాలి. బిల్లు, బ్యాచి నంబరు ఉంచుకోండి. మందు నకిలీ అయితే ఆ కాగితం లేకుండా ఎవరూ వినరు.

మందు అవసరమే తగ్గాలంటే నారు నుంచి మొదలుపెట్టాలి. ఆకుముడత తెగులు తెల్లదోమతో వస్తుంది, లేత వయసులో అంటుకుంటే ఆ మొక్క కాయదు. నారుమడి మీద 40 మెష్ నైలాను వల ఉన్న నర్సరీలోనే కొనండి. పొలంలో ప్రతి 16 సాళ్ళ టమోటాకి ఒక సాలు బంతి నాటండి. 45 రోజుల బంతి నారు, 25 రోజుల టమోటా నారు ఒకే రోజు నాటితే రెండింటికీ పూత ఒకసారి వస్తుంది, కాయతొలిచే పురుగు తల్లి బంతి మీద గుడ్లు పెడుతుంది. నారు వయసు తేడా పాటించకపోతే బంతి ఉత్త అలంకారమే. బంతిపూలు పండగలకి ఎలాగూ అమ్ముడుపోతాయి. టూటాకి మగ పురుగుల్ని రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు, తెల్లదోమకి పసుపు జిగురు అట్టలు మొక్క ఎత్తులోనే కట్టాలి, మొక్క పెరిగేకొద్దీ పైకి జరపాలి. వేప గింజల కషాయం ఎకరాకి 200 లీటర్ల నీటికి 10 కిలోల పొడితో చేసుకోవచ్చు. రాత్రంతా నానబెట్టి వడకట్టి సాయంత్రం కొట్టాలి, ఎండలో కొడితే పని చెడుతుంది.

కాయ అడుగున నల్లటి మచ్చ వస్తే అది తెగులనుకుని మందు కొనేవాళ్ళు చాలామంది. అది చాలావరకు నీళ్ళు ఒక రోజు ఎక్కువ, మూడు రోజులు తక్కువ పెట్టడం వల్ల కాయకి సున్నం అందకపోవడం. నీటి వరుస సరిచేస్తే కొత్త కాయలు బాగుంటాయి.

శెనక్కాయ: వాన చూసి, తేదీ చూసి

మెట్ట శెనక్కాయలో అతి పెద్ద ఖర్చు విత్తనమే. ఎకరాకి 60–70 కిలోల గింజలు నేలలో పోసేముందు ఒకే వానకి 25 మిల్లీమీటర్లు దాటిందా, మట్టి అరడుగు తడిసిందా చూడండి. జల్లుకి ఆశపడి గొర్రు కట్టి విత్తితే మొలక వచ్చి మాడుతుంది, విత్తనం రెండోసారి కొనాలి. కదిరి-6 తో పాటు తిరుపతి పరిశోధన స్థానం ఇచ్చిన ధరణి, నారాయణి లాంటి రకాలు కూడా అడిగి చూడండి. ఊరంతా ఒకే రకం ఉంటే తెగులు వచ్చినప్పుడు ఊరంతా పోతుంది.

గింజకి మందు పట్టించడం కిలోకి రెండు మూడు రూపాయల పని, దాన్ని వదిలేసి తర్వాత వేలు పోస్తారు. కిలోకి టెబుకొనజోల్ 1 గ్రాము లేదా మాంకోజెబ్ 3 గ్రాములు పట్టించండి. వేరుపురుగు ఉన్న చేనైతే ముందు ఇమిడాక్లోప్రిడ్ 2 మి.లీ. చేను చుట్టూ నాలుగు సాళ్ళ సజ్జ గానీ జొన్న గానీ వేస్తే తామర పురుగులు లోపలికి రావడం తగ్గుతుంది, వాటితో వచ్చే కాండం కుళ్ళు వైరసూ తగ్గుతుంది. ఏడు లేదా పదకొండు సాళ్ళ శెనక్కాయకి ఒక సాలు కంది పెట్టండి. శెనక్కాయ ఎండినా కంది డిసెంబరు మంచుకి బతుకుతుంది. ఊడలు దిగే ముందు ఎకరాకి 200 కిలోల జిప్సం వేసి కలుపు తీసేటప్పుడే మట్టి ఎగదోయాలి. ఊడలు దిగాక గుంటక (కలుపు తీసే పనిముట్టు) తోలకూడదు.

జూలై చివరికీ విత్తే పదును (మట్టిలో తడి) రాకపోతే శెనక్కాయ వదిలేయండి. ఈ మాట చెప్పడం తేలిక, పాటించడం కష్టం, ఎందుకంటే విత్తనం అప్పటికే ఇంట్లో ఉంటుంది. కానీ ఆగస్టు చివర విత్తిన శెనక్కాయ గింజ పట్టేటప్పటికి వాన వెనక్కి పోతుంది, లేదా తుఫాను కోత మీద పడుతుంది. ఆగస్టులో సజ్జ, కొర్ర, అలసంద వేయండి. సెప్టెంబరులో ఉలవ వేయండి. ఉలవకి పెట్టుబడి దాదాపు లేదు, పశువులకి పొట్టు మిగులుతుంది, నేలని ఖాళీగా వాన దెబ్బకి వదలకుండా కప్పుతుంది. ఎర్ర నేలలో పై రెండు అంగుళాల మన్నే మన ఆస్తి. వాలుకి అడ్డంగా దున్నడం, ప్రతి మూడు నాలుగు మీటర్లకి ఒక లోతు సాలు తీయడం ఖర్చు లేని పనులు, ట్రాక్టరు వాడికి ముందే చెప్పాలి. వాడి సౌకర్యానికి వదిలేస్తే వాలు వెంటే దున్ని పోతాడు.

మామిడి

తోతాపురి తోట అంటే ఒకే రకం కాయ, ఒకే రకం కొనుగోలుదారు, ఒకే నెల. 2025లో గుజ్జు ఫ్యాక్టరీలు కొనలేక కాయ రోడ్ల మీద బారులు తీరింది. కిలోకి 8 రూపాయలు ఫ్యాక్టరీలూ 4 రూపాయలు ప్రభుత్వమూ ఇచ్చేట్టు 12 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. తోట కొట్టేయనవసరం లేదు. అయిదో వంతు చెట్లకి పై కొమ్మలు నరికి కొమ్మంట్లు కట్టి తినే రకాలకి మార్చండి, మూడు నాలుగేళ్ళకి కాపు మొదలవుతుంది. ఒకేసారి అన్నీ మార్చడం కూడా పొరపాటే.

పూత మీద తోట అమ్మితే ధర నష్టం వ్యాపారిది, నిజమే. కానీ రెండు మూడేళ్ళకి ఒప్పుకుంటే, తన గడువులోనే కాయ రాబట్టుకోవాలని పూత రప్పించే మందు పాక్లోబ్యూట్రజోల్ ఎక్కువ పోయించే వాళ్ళు ఉన్నారు. ఆ తర్వాత చెట్టు గిడసబారి మీ చేతికి వస్తుంది. ఒప్పందం కాగితం మీద ఉండాలి. ఏ మందు, చెట్టుకి ఎంత, ఎన్నిసార్లు అనేది అందులో రాయాలి.

అప్పు ఎక్కడ తేవాలి

లక్ష రూపాయలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి 24,000. అదే లక్ష కిసాన్ క్రెడిట్ కార్డు మీద, 3 లక్షల లోపు అప్పులో, గడువులోపు కడితే 4 శాతం, అంటే 4,000. గడువు ఒక్క రోజు దాటినా 3 శాతం రాయితీ పోయి కనీసం 7 శాతం పడుతుంది. 2025 జనవరి నుంచి 2 లక్షల దాకా వ్యవసాయ అప్పుకి తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన.

బయటి వడ్డీ కన్నా కనిపించని అప్పులు రెండున్నాయి. మందుల అంగడి ఖాతా: అక్కడ బాకీ ఉన్నంత కాలం ఏ మందు కొనాలో మీరు నిర్ణయించరు. మండీ అడ్వాన్సు: రేటు పక్క ఊళ్ళో బాగున్నా కాయ అక్కడికే పోవాలి. ఈ రెండూ ముందు తీర్చి, తర్వాతే మిగతావి.

రెండు పాడి ఆవులుంటే పాల డబ్బు పది పదిహేను రోజులకోసారి వస్తుంది, అంగడి ఖాతా అవసరం తగ్గుతుంది. ఆవుకి బీమా చేస్తే చెవి పోగు ఊడిపోయిన రోజే కంపెనీకి తెలియజేసి కొత్తది వేయించుకోండి. పోగు లేని ఆవుకి పరిహారం రాదు.

మట్టి పరీక్ష గురించి అందరికీ తెలుసు, తీయడమే తప్పు తీస్తారు. ఎనిమిది పది చోట్ల ఆంగ్ల అక్షరం 'వీ' ఆకారంలో ఆరంగుళాల లోతు తవ్వి పక్క మట్టి గీకి కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురువి తీసేస్తూ అర కిలోకి తేవాలి. గెనిమ (గట్టు) పక్కన, చెట్టు కింద, దిబ్బ వేసిన చోట తీయకూడదు. ఏళ్ళ తరబడి డీఏపీ (భాస్వరం ఉండే ఎరువు) వేసిన టమోటా మడుల్లో భాస్వరం ఎక్కువని వస్తే, ఒక పంటకి డీఏపీ ఆపి చూడండి. భాస్వరం ఎక్కువైతే మొక్కకి జింకు అందదు. జింకు సల్ఫేటుని డీఏపీతో కలిపి వేయకూడదు కూడా. బోరు నీళ్ళు కూడా అదే రోజు పరీక్షకి ఇవ్వండి.

కాగితాలు, తుఫాను

ఈ-పంట నమోదు (ఏ చేనులో ఏ పంట ఉందో ప్రభుత్వం రాసుకునే లెక్క) లేకపోతే బీమా లేదు, పంట నష్ట సాయం లేదు. నమోదు అయిందని విని ఊరుకోకండి. రైతు సేవా కేంద్రంలో జాబితా పెట్టినప్పుడు సర్వే నంబరు, పంట పేరు, విస్తీర్ణం, విత్తిన తేదీ నాలుగూ చూడండి. నిరుటి పంటే ఈ ఏడూ ఎక్కి ఉండటం మామూలు. గుత్తకి చేసేవాళ్ళు 2019 చట్టం ప్రకారం 11 నెలల సాగుదారు హక్కు కార్డు తీసుకోవాలి. భూమి యజమాని సంతకానికి జంకితే, ఆ కార్డు వల్ల ఆయన హక్కుకి ఏమీ కాదని చట్టంలోనే ఉందని చూపించండి.

ప్రధానమంత్రి ఫసల్ బీమాలో రైతు వాటా ఖరీఫ్ పంటలకి బీమా మొత్తంలో 2 శాతం, రబీకి 1.5, వాణిజ్య, ఉద్యాన పంటలకి 5 శాతం. మీ మండలంలో ఏ పంట ఏ పథకం కింద ఉందో గడువుకి ముందే అడగండి. దిగుబడి బీమా మొత్తం గ్రామం లేదా మండలం సగటు మీద ఇస్తారు. మీ చేను ఒక్కటే ఎండితే రాదు. వడగళ్ళు, చేను మునగడం, కోసి ఆరబెట్టిన పంట 14 రోజుల్లోపు తుఫానుకి తడవడం లాంటివాటికి మాత్రం విడిగా ఇస్తారు, 72 గంటల్లో తెలియజేస్తేనే. నంబరు 14447.

ప్రభుత్వ సాయం మీద లెక్క వేసుకోకండి. 2022–26 కేంద్ర విపత్తు కొలమానం ప్రకారం 33 శాతం పైన నష్టపోతే తడి పంటకి హెక్టారుకి 17,000, మెట్టకి 8,500. ఎకరాకి 6,800, 3,400 అన్నమాట. రాష్ట్రం పైన కలిపినా, టమోటాకి పెట్టిన లక్షా ఇరవై వేల ముందు అది ఎంత?

అడవి అంచు ఊళ్ళలో, పలమనేరు, కుప్పం వైపు, ఏనుగులు దిగే చేనులో అరటి, చెరకు వేసి కరెంటు తీగ కట్టడం జైలుకి దారి, మనుషులూ చచ్చిపోయారు. పంట మార్చండి. మిరప జోలికి ఏనుగు అంతగా రాదు. నష్టం జరిగితే అడుగుల గుర్తులు చెరక్కముందే ఫోటో తీసి అటవీ సిబ్బందికి చూపించండి.

నవంబరు వానల సంగతి 2021లో స్వర్ణముఖి నది వరద చూపించింది. వాతావరణ శాఖ అల్పపీడనం అన్నప్పుడు శెనక్కాయ పీకే పని ఆపండి. నేలలో ఉన్న కాయ రెండు రోజులు తట్టుకుంటుంది, పీకి కుప్ప పెట్టింది మొలకెత్తుతుంది, బూజు పడుతుంది. ఇప్పటికే పీకి ఉంటే కాయ పైకి వచ్చేట్టు తిరగేసి, గట్టు మీదికి చేర్చి టార్పాలిను కప్పండి. నాలుగు పక్కలా గాలి పోయేట్టు వదలండి. బిగించి కప్పిన కుప్ప లోపల చెమర్చి బూజు పట్టి, విషం తయారవుతుంది, ఆ కాయని పశువులకి కూడా వేయకూడదు. గింజ తేమ 8–9 శాతానికి ఆరాక, కాయ ఊపితే గలగలమన్నప్పుడు మూటలు కట్టండి. వాన వెలిసిన రోజే చేను నాలుగు మూలల నుంచీ, సర్వే రాయి కనిపించేట్టూ, తేదీ పడేట్టూ ఫోటోలు తీసి 14447కి ఫోన్ చేయండి. ఫిర్యాదు నంబరు పుస్తకంలో రాసుకుని, పరిశీలనకి వచ్చేవరకూ చేనులో ఒక మూల అలాగే కదపకుండా ఉంచండి.